ముగ్గురాయి నుంచి ప్రోటాన్ బాటకు

నాగోలులో మెట్రో ఎక్కి తార్నాక వైపు వెళ్తుంటే ఉప్పల్, స్టేడియం తర్వాత ఎన్‌జీఆర్‌ఐ అనే స్టేషన్ వస్తుంది. నేల లోపలి సంగతులు చదవడానికి 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పేరది. అదే రోడ్డు మీద జీవశాస్త్ర పరిశోధనకు సీసీఎంబీ, మరికాస్త ముందు తార్నాకలో రసాయన పరిశోధనకు ఐఐసీటీ ఉన్నాయి. హబ్సిగూడ చౌరస్తాలో నాచారం దారి పడితే పారిశ్రామికవాడ వస్తుంది. అది దాటి మల్లాపూర్ మీదుగా వెళితే అణువిద్యుత్ కేంద్రాలకు ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ కనిపిస్తుంది. రాతిలో ఏముందో కనిపెట్టేవాళ్లు, ఇసుక నుంచి లోహం తీసేవాళ్లు, రసాయనాల గుట్టు తెలిసినవాళ్లు హైదరాబాద్ తూర్పు కొసన ఇలా కొద్ది కిలోమీటర్లలోనే ఇరుగుపొరుగుగా ఉన్నారు.

ఈ విద్యలన్నీ కలిస్తేగాని తయారవని పదార్థం ఒకటుంది. అది బేరియం జిర్కొనేట్ కుటుంబానికి చెందిన సిరామిక్. చేతిలోకి తీసుకుంటే చిన్న బిళ్ల, గట్టిగా, గాజులా పెళుసుగా ఉంటుంది. 500 డిగ్రీల సెల్సియస్ వేడిలో మాత్రం దాని గుండా ప్రోటాన్లు, అంటే ఎలక్ట్రాన్ వదిలేసిన హైడ్రోజన్ కేంద్రకాలు, సాగిపోతుంటాయి. ఈ గుణాన్ని వాడుకుని కరెంటు పుట్టించే సాధనాలే ప్రోటాన్ సిరామిక్ ఫ్యూయల్ సెల్స్. ఆ బిళ్లకు కావలసిన ముఖ్య మూలకాలన్నీ తెలుగు నేలలోనూ తెలుగు తీరంలోనూ ఉన్నాయి. అయినా మూలకం చేతిలో ఉండటానికీ సిరామిక్ చేతికి రావడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని దాటించేది గని కాదని, కొలిమి దగ్గరా కొలత దగ్గరా చూపే ఓపిక అని నా నమ్మకం.

మంట లేకుండా కరెంటు

హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే నీరవుతుంది. ఆ కలయికలో వెలువడే శక్తిని మంటగా పోనివ్వకుండా నేరుగా కరెంటుగా మలిచేది ఫ్యూయల్ సెల్. 1839లో బ్రిటన్‌లో విలియం గ్రోవ్ ప్లాటినం ఎలక్ట్రోడ్లతో ఇది సాధ్యమని చూపాడు. నిర్మాణం తేలికగానే అర్థమవుతుంది. రెండు ఎలక్ట్రోడ్ల నడుమ ఎలక్ట్రోలైట్ అనే పొర ఉంటుంది. ఆ పొర అయాన్లను పోనిస్తుంది, ఎలక్ట్రాన్లను ఆపేస్తుంది. లోపల దారి దొరకని ఎలక్ట్రాన్లు బయటి తీగ గుండా చుట్టుతిరిగి అవతలికి చేరతాయి. ఆ ప్రవాహమే మనం వాడుకునే కరెంటు. ఒక్కో సెల్ నుంచి వాడుకలో వచ్చేది ఒక వోల్టు లోపే కాబట్టి చాలా సెల్స్‌ను ఒకదానిపై ఒకటి పేర్చి స్టాక్ కడతారు.

హైడ్రోజన్ బస్సుల్లో, కార్లలో వాడే సెల్స్‌లో ఎలక్ట్రోలైట్ ఒక పాలిమర్ పొర. అది 80 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది. త్వరగా మొదలవుతుంది గాని ప్లాటినం కావాలి, హైడ్రోజన్ ఎంతో శుద్ధంగా ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ జాడ తగిలినా ఆ ప్లాటినం మందగిస్తుంది. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో ఉన్న పదార్థ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐకి చెందిన చెన్నై కేంద్రం ఈ రకం సెల్స్ మీదే పనిచేస్తోంది.

రెండో రకంలో ఎలక్ట్రోలైట్ యిట్రియం కలిపిన జిర్కోనియం ఆక్సైడ్. బాగా వేడెక్కితే అది కరెంటును పోనిస్తుందని 19వ శతాబ్దం చివర్లోనే జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్ట్ గమనించి, దానితో ఒక దీపం కూడా చేశాడు. ఇందులో కదిలేవి ఆక్సిజన్ అయాన్లు. మన దేశంలో కోల్‌కతాలోని కేంద్రీయ గాజు, సిరామిక్ పరిశోధన సంస్థ దీనిపై చాలాకాలంగా కృషి చేస్తోంది. ప్లాటినం అక్కర్లేదు, ఇంధనం విషయంలో అంత పట్టింపు లేదు. కానీ సాధారణంగా 700 నుంచి 1000 డిగ్రీల వేడి కావాలి. అంత వేడిలో ఉక్కు భాగాలు ఆక్సీకరణం చెందుతాయి, అతుకులు విచ్చుకుంటాయి, వేడెక్కి చల్లారిన ప్రతిసారీ సిరామిక్ పగిలే ప్రమాదం ఉంటుంది.

80కీ 800కీ నడుమ 400 నుంచి 600 డిగ్రీల మేర ఒక మంచి చోటుంది. నికెల్ లాంటి చవక లోహం ఉత్ప్రేరకంగా పనిచేయడానికి ఆ వేడి చాలు. స్టెయిన్‌లెస్ స్టీలు తట్టుకోలేనంత వేడీ కాదు. ప్రోటాన్ సిరామిక్ అక్కడ పనిచేస్తుంది. మరో మేలు కూడా ఉంది. ఆక్సిజన్ అయాన్లు కదిలే సెల్‌లో నీరు ఇంధనం ఉన్న వైపు పుట్టి, ఇంధనాన్ని పలుచన చేస్తుంది. ప్రోటాన్లు కదిలే సెల్‌లో నీరు గాలి ఉన్న వైపు పుట్టి అటే వెళ్లిపోతుంది. ఇంధనాన్ని చివరిదాకా వాడుకోవచ్చు.

ప్రోటాన్ ఎలా నడుస్తుంది

గ్రోవ్ ప్రయోగం చేసిన ఆ 1839లోనే రష్యాలోని ఉరల్ పర్వతాల్లో పెరోవ్‌స్కైట్ అనే ఖనిజాన్ని గుర్తించారు. బేరియం జిర్కొనేట్‌ది అదే తరహా అమరిక. ఒక ఘనాన్ని ఊహించుకోండి. ఎనిమిది మూలల్లో బేరియం, నట్టనడుమ జిర్కోనియం, ఆరు ముఖాల మధ్యన ఆక్సిజన్ ఉంటాయి. ఇలాంటి ఘనాలు లెక్కకందనన్ని కలిసి స్ఫటికమవుతాయి.

ఇలా లోపం లేకుండా అమరిన స్ఫటికంలో ప్రోటాన్‌కు చోటు లేదు, కాబట్టి కావాలనే ఒక లోపం కల్పిస్తారు. జిర్కోనియం అయాన్‌కు నాలుగు ధనావేశాలు, యిట్రియం అయాన్‌కు మూడే. కొన్ని జిర్కోనియం స్థానాల్లో యిట్రియాన్ని కూర్చోబెడితే ఆవేశాల లెక్క తప్పుతుంది. దాన్ని సరిచేసుకోవడానికి ప్రతి రెండు యిట్రియంలకు ఒక ఆక్సిజన్ స్థానం ఖాళీ అవుతుంది. ఇప్పుడు ఆ సిరామిక్‌కు వేడి నీటి ఆవిరి తగలనిస్తే, నీటి అణువులోని ఆక్సిజన్ ఆ ఖాళీలో చేరుతుంది. మిగిలిన రెండు ప్రోటాన్లు దగ్గరున్న ఆక్సిజన్లను అంటిపెట్టుకుంటాయి. పొడి స్ఫటికానికి ప్రోటాన్లు నీళ్ల నుంచే అందుతాయన్నమాట.

ఇక నడక. ప్రోటాన్ తాను పట్టుకున్న ఆక్సిజన్ చుట్టూ తిరుగుతూ, పక్క ఆక్సిజన్ చేరువకు రాగానే అటు దూకుతుంది. మళ్లీ తిరగడం, మళ్లీ దూకడం. ఉప్పల్ వెళ్లే సిటీ బస్సు కిక్కిరిసినప్పుడు వెనక నిలబడ్డవాళ్లు ఇచ్చిన టికెట్ డబ్బులు చేతులు మారుతూ కండక్టర్‌ను చేరతాయి, మనుషులు మాత్రం ఎక్కడివాళ్లక్కడే ఉంటారు. ఆక్సిజన్లూ అలాగే తమ చోట ఉండి ప్రోటాన్‌ను అందిస్తాయి. నీటిలో ఇలాంటి అంచెలంచెల బదిలీ జరుగుతుందని 1806లోనే గ్రోతస్ అనే శాస్త్రవేత్త ఊహించాడు. భారీ ఆక్సిజన్ అయాన్ తానే కదలాలంటే దాటాల్సిన శక్తి గట్టుతో పోలిస్తే, ఇక్కడ ప్రోటాన్ దాటాల్సింది దాదాపు సగం. తక్కువ వేడిలో పని జరగడానికి కారణం అదే. ఈ వేడికి పైహద్దు కూడా ఉంది. మరీ వేడెక్కితే లోపల చేరిన నీరు ఆవిరిగా బయటికి పోయి ప్రోటాన్లు తగ్గిపోతాయి.

ఆక్సైడ్ సిరామిక్‌లో ప్రోటాన్లు ఇలా ప్రయాణిస్తాయని 1981లో జపాన్ శాస్త్రవేత్త హిరోయాసు ఇవహార బృందం గట్టి ఆధారాలతో చూపింది. వాళ్లు వాడింది స్ట్రాన్షియం సీరేట్. ఆ తర్వాత బేరియం సీరేట్, బేరియం జిర్కొనేట్ వరుసగా ముందుకొచ్చాయి.

మన నేలలో ఏమున్నాయి

ముందుగా బేరియం. పాత కడప జిల్లాలో రైల్వే కోడూరుకు చేరువగా ఉన్న మంగంపేటలో ప్రపంచంలోనే అతి పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి ఉంది. అక్కడి జనం దాన్ని ముగ్గురాయి అంటారు. రసాయనపరంగా అది బేరియం సల్ఫేట్. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువైనది కాబట్టి, చమురు బావులు తవ్వేటప్పుడు పోసే బురదను బరువెక్కించడానికి దాని పొడి దేశదేశాలకూ ఎగుమతి అవుతుంది. ఆ రాయిని బొగ్గుతో కలిపి కాల్చి, తర్వాత కార్బన్ డయాక్సైడ్‌తో చర్య జరిపితే బేరియం కార్బనేట్ తెల్లని పొడిగా వస్తుంది. సిరామిక్ ప్రయోగశాలల్లో బేరియానికి మామూలుగా వాడే ముడిసరుకు ఈ పొడే. ఆస్పత్రుల్లో ఎక్స్‌రేకి ముందు తాగించే బేరియం సల్ఫేట్ ఒంట్లో కరగదు కాబట్టి హాని చేయదు. బేరియం కార్బనేట్ మాత్రం విషం, చేతి తొడుగు లేకుండా ముట్టుకోకూడదు.

తర్వాత జిర్కోనియం. సముద్రతీరపు ఇసుకలో జిర్కాన్ అనే ఖనిజంగా దొరుకుతుంది. భీమునిపట్నం, కళింగపట్నం తీరాల ఇసుకల్లోనూ ఉంది. దాన్ని శుద్ధిచేసే విద్య నాచారం పొరుగునే ఉంది. 1971లో నెలకొన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో జిర్కాన్ ఇసుకను కాస్టిక్ సోడాతో కాల్చి సిలికాను విడదీస్తారు. మిగిలినదాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ద్రావణి సాయంతో హాఫ్నియాన్ని వేరుచేసి, జిర్కోనియం ఆక్సైడ్‌ను రాబడతారు. దాన్నుంచి లోహం తీసి అణు ఇంధనానికి తొడుగు గొట్టాలు చేస్తారు. హాఫ్నియం న్యూట్రాన్లను మింగేస్తుంది కాబట్టి రియాక్టర్లో అది ఉండకూడదు. ఫ్యూయల్ సెల్‌కు ఆ బెడద లేదు. హాఫ్నియం గుణంలో జిర్కోనియానికి దాదాపు కవల, స్ఫటికంలో దాని స్థానంలోనే ఒదిగిపోతుంది. అణు పరిశ్రమ తప్పనిసరిగా దాటే అత్యంత కష్టమైన మెట్టు ఈ సిరామిక్‌కు అవసరమే లేదు.

మిగిలినవి యిట్రియం, సీరేట్ సిరామిక్‌లకు కావలసిన సీరియం. ఈ అరుదైన మృత్తికల్లో సీరియం తీరపు ఇసుకలోని మోనజైట్‌లో పుష్కలంగా ఉంటుంది. 2023లో ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు అనంతపురం జిల్లాలో సైనైట్ శిలలను పరిశీలిస్తూ అరుదైన మృత్తికల జాడలు కనుగొన్నామని ప్రకటించారు. దంచెర్ల, పెద్దవడుగూరు పరిసరాల రాళ్లలో వాళ్లు గుర్తించిన మూలకాల్లో లాంథనం, నియోడిమియంతో పాటు సీరియం, యిట్రియం, జిర్కోనియం కూడా ఉన్నాయి. అవి తవ్వి తీయడానికి గిట్టుబాటయ్యేంత ఉన్నాయా లేవా అన్నది లోతుగా డ్రిల్లింగ్ చేస్తే తేలేది. అయినా మన మూలకాల పట్టిక మన జిల్లాల పటంతో ఇంతగా కలవడం ఎంతో ఉత్సాహం కలిగించే విషయం.

కొలిమి దగ్గర

ముడిసరుకు దొరికాక అసలు పని మొదలవుతుంది. బేరియం కార్బనేట్, జిర్కోనియం ఆక్సైడ్, సీరియం ఆక్సైడ్, యిట్రియం ఆక్సైడ్ పొడులను గ్రాములో వెయ్యో వంతు కూడా తేడా రాకుండా తూచి, బాల్ మిల్లులో గంటల తరబడి నూరతారు. 1100 డిగ్రీలకు పైన కాల్చి, చల్లార్చి, మళ్లీ నూరి, హైడ్రాలిక్ ప్రెస్సులో బిళ్లగా అదుముతారు. ఆ బిళ్లను మళ్లీ కొలిమిలో పెట్టి రేణువులు ఒకదానితో ఒకటి గట్టిగా అతుక్కునేదాకా కాలుస్తారు. దీన్ని సింటరింగ్ అంటారు. లోపల సన్నని రంధ్రాల దారి మిగిలినా హైడ్రోజన్, గాలి నేరుగా కలిసిపోతాయి కాబట్టి బిళ్ల సాంద్రత 95 శాతం దాటాలి.

బేరియం జిర్కొనేట్ ఇక్కడ మొండికేస్తుంది. అది సాంద్రంగా మారాలంటే 1600 నుంచి 1700 డిగ్రీల వేడి కావాలి. అంత వేడిలో బేరియం ఆవిరై పోతుంది, తూచిన నిష్పత్తి చెదిరిపోతుంది. అందుకే బిళ్లను అదే మిశ్రమపు పొడిలో పూడ్చి కాలుస్తారు. పైపొడి తన బేరియాన్ని పోగొట్టుకుని లోపలి బిళ్లను కాపాడుతుంది. నికెల్ ఆక్సైడ్ కొద్దిగా కలిపితే 1400, 1450 డిగ్రీలకే సాంద్రత వస్తుందని తర్వాత తెలిసింది. ఆ నికెల్ ఎక్కువైతే విద్యుత్ గుణం దెబ్బతింటుంది, మోతాదు తెలియాలి.

బేరియం సీరేట్ స్వభావం వేరు. సులువుగా కుదురుతుంది, ప్రోటాన్లను బాగా నడిపిస్తుంది. కానీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే కొన్నాళ్లకు మళ్లీ బేరియం కార్బనేట్‌గా విడిపోతుంది. ఒకటి గట్టిది గాని లొంగదు, మరొకటి లొంగుతుంది గాని నిలవదు. అందుకే రెంటినీ కలిపారు. 2009లో అమెరికాలోని జార్జియా టెక్‌లో మీలిన్ లియు బృందం బేరియం, జిర్కోనియం, సీరియం, యిట్రియం, యిటర్బియం కలిసిన ఆక్సైడ్‌ను తెచ్చింది. నేటికీ చాలా ప్రయోగశాలల్లో పని మొదలయ్యేది ఆ మిశ్రమంతోనే.

రేణువుల సరిహద్దు

సింటరింగ్ అయిన బిళ్లను సూక్ష్మదర్శినిలో చూస్తే రకరకాల దిక్కులకు తిరిగిన స్ఫటిక రేణువులు, వాటి మధ్య గీతల్లాంటి సరిహద్దులు కనిపిస్తాయి. ప్రోటాన్ రేణువు లోపల చురుగ్గా సాగి సరిహద్దు దగ్గర తడబడుతుంది. అక్కడ ఆక్సిజన్ ఖాళీలు పోగుపడి ధనావేశం ఏర్పడుతుంది. ప్రోటాన్‌దీ ధనావేశమే కాబట్టి ఆ ఆవేశం దాన్ని వికర్షిస్తుంది. పరమాణువుల వరుసలు కొన్ని మాత్రమే ఉండే ఆ సన్నని చోటే బిళ్ల మొత్తం పనితీరును శాసిస్తుంది. 2010లో ఎన్రికో ట్రావెర్సా బృందం అసలు సరిహద్దులే లేని పలుచని ఏకస్ఫటిక పొరను పెంచి చూస్తే వాహకత ఎంతో ఎక్కువగా వచ్చింది. పదార్థంలో లోటు లేదని, లోటంతా అతుకుల్లోనే ఉందని దాంతో స్పష్టమైంది.

ఈ ఆటంకం ఎక్కడుందో చెప్పే కొలత ఇంపీడెన్స్ స్పెక్ట్రోస్కోపీ. బిళ్లకు రెండు వైపులా లోహపు పూత పూసి, నెమ్మదిగా దిశ మారే కరెంటు నుంచి సెకనుకు లక్షలసార్లు మారే కరెంటు దాకా పంపి స్పందన చూస్తారు. గ్రాఫు మీద వరుసగా అర్ధవృత్తాల్లాంటి వంపులు వస్తాయి. వేగంగా మారే కరెంటు దగ్గర వచ్చే వంపు రేణువు లోపలి నిరోధాన్ని, మధ్య వంపు సరిహద్దును, నెమ్మది కరెంటు దగ్గరి వంపు ఎలక్ట్రోడ్‌ను చూపుతాయి. ఫర్నేస్‌లో మార్చిన 50 డిగ్రీలు ఏ వంపును కుదించాయో చూసి తర్వాతి బిళ్ల ఎలా కాల్చాలో నిర్ణయిస్తారు. ఒక్కో బిళ్లకు రోజులు పడుతుంది. ఏడాది పనిలో మేలైన మార్పు ఒకటి దొరికినా అది విలువైనదే.

ఆ ఓపికకు ఫలితం దక్కుతోంది. 2015లో కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్‌లో రయన్ ఓహేర్ బృందం పొడుల తయారీకీ సింటరింగ్‌కీ వేర్వేరు దశలు లేకుండా ఒకే కాల్పులో సెల్ చేసింది. 500 డిగ్రీల దగ్గర హైడ్రోజన్‌తో చదరపు సెంటీమీటరుకు 455 మిల్లీవాట్లు రాబట్టి, 1400 గంటలకు పైగా నడిపి చూపింది. 2018లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో సొసీనా హైల్ బృందం ఎలక్ట్రోడ్‌కూ ఎలక్ట్రోలైట్‌కూ మధ్య అతుకును మెరుగుపరచి అంతకు మించిన శక్తి సాధించింది. 2025లో జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయం వాళ్లు బేరియం స్టానేట్, బేరియం టైటనేట్‌లకు స్కాండియం దండిగా కలిపి, 300 డిగ్రీలకే పనికొచ్చేంత ప్రోటాన్ వాహకత చూపారు. బిళ్ల మారుతోంది, వేడి దిగుతోంది, అన్నిటిలోనూ బేరియం మాత్రం అలాగే ఉంది.

మనకెందుకు

హైడ్రోజన్‌ను నిల్వచేయడం, రవాణా చేయడం కష్టం. అమ్మోనియాగా మారిస్తే సులువు. ఎరువుల పరిశ్రమ వల్ల దాన్ని నింపడం, తరలించడం మనకు అలవాటైన పనే. ప్రోటాన్ సిరామిక్ సెల్ పనిచేసే వేడిలో నికెల్ అమ్మోనియాను నైట్రోజన్, హైడ్రోజన్‌లుగా విడగొడుతుంది. ఆ హైడ్రోజన్ అక్కడికక్కడే ప్రోటాన్‌గా మారి పొరలోకి సాగుతుంది. అమ్మోనియా, మీథేన్, బయోగ్యాస్‌ల నుంచి ఒకే మెట్టులో హైడ్రోజన్‌ను వేరుచేసే ప్రోటాన్ సిరామిక్ స్టాక్‌ను 2022లో నార్వే పరిశోధకులు, కూర్స్‌టెక్ సంస్థ కలిసి నడిపి చూపారు.

కాకినాడలో ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా లక్ష్యంగా ప్లాంటు సిద్ధమవుతోంది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. 2023లో కేంద్ర ప్రభుత్వం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ ప్రారంభించింది. ఇంధనం మన తీరంలోనే తయారవుతున్నప్పుడు దాన్ని కరెంటుగా మార్చే పొర కూడా మనదే కావడం మేలు. నాచారం, మల్లాపూర్ లాంటి పారిశ్రామికవాడల్లో కరెంటు పోగానే మొదలయ్యే డీజిల్ జనరేటర్ల పొగ ఇళ్లలోకి వస్తుంది. ఆస్పత్రి అయినా కర్మాగారమైనా నిలకడగా నడిచే ఫ్యూయల్ సెల్‌తో ఆ పొగ లేకుండా గడుపుకోగల రోజు రావాలి. ఇదే సెల్‌ను తిరగేసి నడిపితే కరెంటుతో ఆవిరి నుంచి తేమలేని హైడ్రోజన్ తీయవచ్చు. ఆ దిశలో ఎలక్ట్రాన్లు కొన్ని పొర గుండానే జారిపోయి కొంత కరెంటు వృథా అవుతోంది. దాన్ని తగ్గించడం నేటి పరిశోధనలో పెద్ద పని.

ఇక్కడ చేయాల్సినవి కొన్ని స్పష్టంగా కనిపిస్తున్నాయి. ముగ్గురాయి నుంచి ప్రయోగశాలకు పనికొచ్చేంత శుద్ధమైన బేరియం కార్బనేట్, జిర్కాన్ ఇసుక నుంచి హాఫ్నియం తీయనక్కర్లేని జిర్కోనియం ఆక్సైడ్, ఒకే నాణ్యతతో ప్రతి ఏటా దొరికే ఏర్పాటు కావాలి. విశ్వవిద్యాలయాల విద్యార్థులకు 1600 డిగ్రీల కొలిములు, ఇంపీడెన్స్ యంత్రాలు అందుబాటులో ఉండాలి. పదేసి గంటల పరీక్షతో ప్రచురించి వదిలేయకుండా వేల గంటలు సెల్స్‌ను నడిపి, ఎక్కడ పాడయ్యాయో చెప్పే పరీక్షా కేంద్రం ఒకటి కావాలి. ఇందుకు కావలసిన భూవిజ్ఞానం, రసాయన శుద్ధి, చిన్న యంత్రాలు చేసిపెట్టే వర్క్‌షాపులు ఉప్పల్ నుంచి నాచారం దాకా ఇప్పటికే ఉన్నాయి. మంగంపేట రాయిని టన్నుల లెక్కన ఓడలకెక్కించినప్పుడు వచ్చేది ముడిసరుకు ధర. అందులోని బేరియాన్ని పది, ఇరవై మైక్రాన్ల మందంలో పగుళ్లు లేకుండా పరచగలిగితే ఆ ధర ఎన్నో రెట్లవుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ పని నేర్చిన పిల్లలు తర్వాతి పదార్థాన్ని తామే కనిపెట్టగలుగుతారు.